అప్‌డేట్: హారో వైనరీలు రైల్వే స్టేషన్ దగ్గరే ఎందుకు? జవాబు దొరికింది

స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు హారోలో పేరున్న పాత వైనరీలు ఊళ్లో కాకుండా, తిరోన్ నది అవతల స్టేషన్ చుట్టూ ఎందుకున్నాయని ఇక్కడే అడిగాను. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్. రైలునూ, ద్రాక్ష వేళ్లను తినే ఫైలాక్సెరా పురుగునూ కలిపి చూడమన్న సలహాయే సరైనది.

బిల్బావో రేవు వైపు వెళ్లే రైలు మార్గం 1863లో పూర్తయింది. ఆ తర్వాత ఫైలాక్సెరా ఫ్రాన్స్ ద్రాక్షతోటల వేళ్లను నాశనం చేయడంతో అక్కడి బోర్డో ప్రాంతపు వైన్ వ్యాపారులు సరుకు కోసం ఇక్కడికి వచ్చారు. 225 లీటర్ల ఓక్ పీపా నిండితే పావు టన్నుకు పైనే తూగుతుంది. దాన్ని ఎడ్లబండి మీద ఊరు దాటించేకంటే పట్టాల పక్కనే సెల్లార్ కట్టుకోవడం మేలు. లోపెజ్ దె ఎరేడియా 1877లో, కూనే 1879లో, లా రియోహా ఆల్టా 1890లో, ఈ వైనరీలు మొదలయ్యాయి.

ఈ జోరు ఎందుకు తగ్గిందో కూడా తేలింది. 1892లో ఫ్రాన్స్ దిగుమతి సుంకాలు పెంచింది. 1899లో ఫైలాక్సెరా రియోహాకే వచ్చిపడింది. ఈ పురుగును తట్టుకునే అమెరికన్ ద్రాక్ష వేరుమొక్కలపై స్థానిక రకాలను అంటుకట్టి తోటలన్నీ మళ్లీ వేయాల్సి వచ్చింది. అసలు నష్టం ఇదే.

హారోలో జూన్ 29న జనం ఒకరిపై ఒకరు వైన్ చల్లుకునే వైన్ యుద్ధం పండుగకు దీనితో సంబంధం లేదు. స్టేషన్ దగ్గరున్న వైనరీలన్నీ ఆనాటివని కూడా అనుకోవద్దు: మూగా 1932లో, రోదా 1987లో పుట్టాయి.