పొడవు చూడవలసినది ఎవరు: పిలిచే ప్రోగ్రామా, లైబ్రరీయా?

నాగావళి, రాయగడ:
మా తెలుగు విద్యార్థులకు సి భాష చెబుతూ, ఒరాకిల్ సంస్థ ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్‌లో 2020 అక్టోబరులో బయటపడిన లోపాన్ని (భద్రతా లోపాల జాబితాలో దాని సంఖ్య సీవీఈ-2020-14871) ఉదాహరణగా చూపాను. లాగిన్‌ను సరిచూసే పామ్ అనే లైబ్రరీలోని (ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధమైన కోడు) పార్స్_యూజర్_నేమ్ అనే ఫంక్షను, వాడుకరి పేరును 512 బైట్ల బఫరులోకి (తాత్కాలికంగా దాచే జాగాలోకి) పొడవు చూడకుండా నకలు చేసేది. పాస్‌వర్డు తెలియని వ్యక్తి కూడా దూరం నుంచి యంత్రాన్ని పూర్తిగా వశం చేసుకునే వీలున్నందున తీవ్రతను 10కి 10గా లెక్కించారు. తప్పు లైబ్రరీదేనని నేనంటే, ఆ ఫంక్షనును పిలిచే (వాడుకునే) ప్రోగ్రామే పొడవు చూసుకోవాలంటూ ఒక విద్యార్థి ఒప్పుకోలేదు. మీరేమంటారు?

మహేంద్రగిరి, పర్లాకిమిడి:
ఆ విద్యార్థి మాటే సరైనదండి. సి భాషలో పిలిచేవాడే హద్దు పాటించాలన్నది మొదటినుంచీ ఉన్న ఒప్పందం. సొలారిస్ 11.1 నుంచి, ఆ ఫంక్షనుకు చేరేలోపే పేరు కత్తిరింపునకు గురవుతున్నందున ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి యంత్రంలోకి లాగిన్ అయ్యే పద్ధతి) దారిన దాడి సాగదు. పైన తనిఖీ ఉంటే చాలునని దీనితోనే తేలుతోంది కదా.

నాగావళి, రాయగడ:
మాస్టారూ, నా అనుభవం ఒకటి చెబుతాను. ఇంటిపేరుతో సహా నా పేరు ఒడియా దరఖాస్తు గళ్లలో పట్టక పక్కనున్న తండ్రి పేరు గళ్లలోకి పాకింది. చివరికి కార్డులో మా నాన్నగారి పేరుండవలసిన చోట నా పేరు తోక అచ్చయింది. గళ్లెన్నో తెలిసినది దరఖాస్తు తీసుకునే చోటే గనుక, చూసుకోవలసినదీ అక్కడే. బఫరు 512 అని తెలిసినదీ లైబ్రరీకే. ఆ బఫరుండే స్టాకు అనే మెమరీ భాగంలో పక్క గడి తండ్రి పేరు కాదు, ఫంక్షను ముగిశాక తిరిగి వెళ్లవలసిన చిరునామా. అది చెరిగితే దాడిచేసేవాడు చెప్పిన చోటికే ప్రోగ్రాము పోతుంది. పైగా దాడి మామూలు దారిన రాలేదు. ఎస్ఎస్‌హెచ్‌లో ప్రశ్నలడిగి జవాబులు తీసుకునే కీబోర్డు-ఇంటరాక్టివ్ పద్ధతిలో పేరును పామే అడిగేటట్లు చేసి, ఎంత పొడవైనా పంపగలిగారు. ఇక దిద్దుబాటు పెట్టని 11.1లో ఆ ఫంక్షను లోపల లోపం అలాగే ఉండిపోయింది. వేరే దారిన, కత్తిరింపు లేకుండా పేరు ఆ ఫంక్షనుకు చేరితే ఏం చేస్తారు?

కొలాబ్, కొరాపుట్:
దిద్దుబాటు సొలారిస్ 10, 11కే వచ్చింది. మద్దతు ముగిసిన 9కి రాలేదు. అటువంటి యంత్రం ఎవరి దగ్గరైనా ఉంటే, వాదన తేలేదాకా ఆగకుండా ఎస్ఎస్‌హెచ్ అమరికల్లో కీబోర్డు-ఇంటరాక్టివ్‌ను ఈ రోజే ఆపండి.

మహేంద్రగిరి, పర్లాకిమిడి:
లైబ్రరీలో తనిఖీ ఉండాలన్నది ఒప్పుకుంటున్నాను. పిలిచేవాడికి బాధ్యత లేదన్నది మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.