ఇన్‌ఫ్రారెడ్ సానాలో వీపు మాడుతోంది, ముందువైపు వేడి తగలడం లేదు. ప్యానెళ్లు ఎలా మార్చాలి?

మేడ మీద గదిలో నాలుగడుగుల చదరంలో ఇన్‌ఫ్రారెడ్ సానా (కిరణాల వేడితో చెమట పట్టించే చిన్న చెక్క గది) కట్టుకుంటున్నాను. చెక్క పని అయిపోయింది. మొత్తం 1,800 వాట్ల కార్బన్ ప్యానెళ్లు (వేడి కిరణాలు వెదజల్లే పలకలు) బిగించాను: వీపు వెనక రెండు, పక్కలకు ఒక్కొక్కటి, పిక్కల దగ్గర ఒకటి.

ఇరవై నిమిషాలు కూర్చుంటే వీపు చుర్రుమంటోంది, ఛాతీకి, మోకాళ్లకు మాత్రం వేడే తెలియడం లేదు. పైకప్పు దగ్గరి సెన్సార్ 55 డిగ్రీలు చూపిస్తుంది గానీ అది గాలి వేడి. ఒంటికి తగిలేది ప్యానెల్ నుంచి నేరుగా వచ్చే కిరణాల వేడి కదా, ఆ అంకెను చూసుకుని ఏం లాభం? వెనకవాటిలో ఒకటి తీసి తలుపు పక్కన ఎదురుగా పెట్టాలా? లేక వీపుకు ఆనే చెక్క పట్టీలను ఇంకాస్త ముందుకు జరిపితే సరిపోతుందా?

నా అసలు భయం నాన్నగారి గురించి. షుగర్ వల్ల ఆయన పాదాల్లో స్పర్శ తగ్గింది, కాలినా తెలియదు. అందుకే నేలలో ప్యానెల్ పెట్టలేదు. డాక్టరుగారు సరేననేదాకా ఆయన్ని లోపల కూర్చోబెట్టను కూడా. పిక్కల దగ్గరి ప్యానెల్‌ను విడిగా ఆపేలా వేరే స్విచ్ పెట్టాను.

ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్), టైమర్ ఉన్నాయి. తలుపుకు గొళ్లెం లేదు, తోస్తే చాలు తెరుచుకుంటుంది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ చెడిపోతే ఆపడానికి ఒక్కో ప్యానెల్‌కూ విడిగా థర్మల్ ఫ్యూజ్ (వేడి హద్దు దాటితే తెగిపోయే ఫ్యూజ్) వేయాలా? వేస్తే ఎన్ని డిగ్రీలది? సొంతంగా కట్టినవాళ్లు, ఎలక్ట్రికల్ పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.