పాయింట్ 22 రైఫిల్: చిందీ తెల్లగా వస్తోంది, ఛాంబర్ ముందు గార మాత్రం పోవట్లేదు

ప్రశ్న: పాయింట్ 22 లాంగ్ రైఫిల్ (తూటా రకం పేరు) కాల్చే రైఫిల్, బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ తెరిచి మూసేది), 50 మీటర్లకు వాడేది. దాదాపు 2000 రౌండ్లు అయ్యాయి. బోల్ట్ మూసేటప్పుడు చివర్లో బిగుస్తోంది. పదింట్లో ఒకటి రెండు గుళ్లు గ్రూపు (మిగతావి ఒక్కచోట తగిలే గుంపు) వదిలి పోతున్నాయి. పుల్‌త్రూ (గొట్టంలోంచి లాగే తాడు) లాగితే చిందీ (తుడిచే గుడ్డ ముక్క) తెల్లగానే వస్తోంది. ఇంకా కార్బన్ ఉంటుందంటారా?

జవాబు: ఉంటుందండి. చిందీ తెల్లగా వచ్చిందంటే వదులు మసి పోయిందని, అంతే. అసలు గొడవ కేసు (తూటా లోహపు డొల్ల) మూతి ఆగేచోట, అంటే ఛాంబర్ (తూటా కూర్చునే గది) వెనక అంచు నుంచి సుమారు 16 మి.మీ. లోపల. మందు మసి, గుండు మీది మైనం, సీసం, ప్రైమర్‌లో (తూటాను అంటించే మందులో) కలిపే గాజుపొడి వేడికి ఉడికి అక్కడ ఉంగరంలా పళ్ల గారలా పట్టేస్తాయి. గుడ్డ దాని మీంచి జారిపోతుంది.

ముందు మ్యాగజీన్, బోల్ట్ తీసి ఛాంబర్ ఖాళీ అని కంటితో, వేలితో చూసుకోండి. గొట్టం మూతి కాస్త కిందికి వాలేలా పెట్టండి, లేకపోతే సాల్వెంట్ (మసి కరిగించే ద్రవం) ట్రిగ్గర్‌లోకి, కట్టెలోకి (రైఫిల్ చెక్క పిడిలోకి) దిగుతుంది. బోర్ గైడ్ (కడ్డీ గొట్టం మధ్యలో నేరుగా వెళ్లేలా పట్టే గొట్టం) పెట్టి, తడి గుడ్డలు రెండు మూడు వెనక నుంచి తోయండి. వదులుగా ఉన్న గాజు పొడి పోకముందే బ్రష్ తిప్పితే గీతలు పడతాయి.

తర్వాత కార్బన్ కరిగించే సాల్వెంట్‌తో తడిపి, కడ్డీకి బిగించిన కంచు బ్రష్‌ను ఆ 16 మి.మీ. చోటికి తెచ్చి, కుడివైపుకే 15, 20 చుట్లు చేత్తో తిప్పండి. ఎడమకు తిప్పితే బ్రష్ మర ఊడి లోపలే ఉండిపోతుంది. పావుగంట నాననివ్వండి. మళ్లీ తిప్పి, గుడ్డతో తుడవండి. ఇలా మూడుసార్లు. పని చేసేది నానడమే, బలం కాదు. రాగి తీసే అమ్మోనియా ద్రావణం ఇక్కడ దండగ, ఇందులో వెళ్లేది సీసం గుండు. స్టీలు బ్రష్ జోలికి అసలు పోవద్దు.

ప్రశ్న: కార్బ్యురేటర్ స్ప్రే సరిపోదా? మెకానిక్ షాపులో దొరుకుతుంది.

మరో జవాబు: నానేలోపే ఆవిరైపోతుంది, పైగా కట్టె పాలిష్ లేపేస్తుంది. వద్దు. మూడుసార్లు నానబెట్టినా కదలకపోతే రుద్దే పేస్టు వాడొచ్చు. బిగువైన గుడ్డకు రాసి ఆ ఒక్క చోటే పది చిన్న తోపులు. గొట్టం మూతి దాకా తోయకండి, అక్కడి అంచు అరిగితే గురి పోయినట్టే. బోర్‌స్కోప్ (గొట్టం లోపల చూసే చిన్న కెమెరా) అరువు దొరికితే చూశాకే పేస్టు ముట్టుకోండి. ఉక్కు నలుపు కూడా గారలాగే కనిపించి జనం ఊరికే అరగదీస్తుంటారు.

ఇంకో మాట. షార్ట్ రౌండ్లు (పొట్టి పాయింట్ 22 తూటాలు) కూడా కాలుస్తారా? వాటి కేసు పొడవు 10.7 మి.మీ.యే కాబట్టి పొర ఛాంబర్ లోపలే కడుతుంది. ఆ తర్వాత లాంగ్ రైఫిల్ కేసు పెడితే ఇరుక్కుంటుంది. అప్పుడు బ్రష్ అక్కడ కూడా తిప్పాలి.

మొదటి జవాబు వారే: చివరగా ఛాంబర్ పొడి గుడ్డతో ఆరేదాకా తుడవండి. నూనె మిగిలితే కేసు గోడను పట్టుకోక బోల్ట్ మీద ఒత్తిడి పెరుగుతుంది. శుభ్రం చేశాక మొదటి 10, 20 గుళ్లు అటూ ఇటూ పోతాయి. గొట్టానికి మైనం మళ్లీ పట్టేదాకా సైట్లు కదపకండి. ఇకమీదట ప్రతి 200 రౌండ్లకు ఆ ఒక్కచోట బ్రష్ నాలుగు చుట్లు తిప్పితే ఇంత గట్టిపడదు. వాడిన గుడ్డల్లో సీసం ఉంటుంది, అన్నం ముట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.