పోటీలో మోసం చేసే సభ్యుల విషయంలో గోల్ఫ్ క్లబ్బు కమిటీ ఏం చేయాలి?

ప్రశ్న (లేత పచ్చిక):

నమస్కారం. తెలంగాణలోని ఒక గోల్ఫ్ క్లబ్బులో నేను తొమ్మిదేళ్ళుగా సభ్యుణ్ణి. ఈ ఏప్రిల్‌లో నన్ను పోటీల కమిటీలోకి తీసుకున్నారు. చేరినప్పటి నుంచి నన్ను కలతపెడుతున్న ఒక విషయాన్ని అనుభవజ్ఞుల ముందు పెడుతున్నాను. క్లబ్బు పేరుగానీ, మనుషుల పేర్లుగానీ రాయను. ఎవరైనా ఊహించినా దయచేసి ఇక్కడ రాయవద్దని మనవి.

మా నెలవారీ మెడల్ పోటీలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆట, తక్కువ కొట్టినవారిదే గెలుపు) ఒక పెద్దాయన ఆడతారు. ఆయన కొట్టిన బంతి చెట్లలోకి వెళ్ళడం అందరూ చూస్తారు, కానీ మిగిలినవాళ్ళు అక్కడికి చేరేసరికి ఆ బంతి గడ్డి మీద తేలుతూ, గ్రీన్ (గుంత ఉండే నున్నటి పచ్చిక) వైపు అడ్డు లేని చోట కనిపిస్తుంది. ఏడాది కాలంలో ముగ్గురు వేర్వేరు సభ్యులు నాతో ఇదే మాట అన్నారు, ఒక్కరూ కాగితం మీద పెట్టలేదు. జూలై పోటీలో మాత్రం, ఆయన క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు) కాలితో బంతిని ముందుకు నెట్టడం కళ్ళారా చూసిన ఒక సభ్యుడు అక్కడికక్కడే అభ్యంతరం చెప్పారు. చివరికి జరిగిందేమిటంటే, క్యాడీని రెండు వారాలు పనిలోకి రావద్దన్నారు. ఆ రోజు స్కోరు కార్డుతో వచ్చిన బహుమతి మాత్రం పెద్దాయన దగ్గరే ఉంది. రోజు సంపాదనతో ఇల్లు గడుపుకునే మనిషి కూడు పోయింది, ఆడించినవారి పరువు నిలిచింది. ఆ నిర్ణయం జరిగిన గదిలో నేనూ కూర్చున్నాను, నోరు విప్పలేదు.

రెండో సభ్యుడి సంగతి వేరు. ఆయన హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని బట్టి స్కోరులోంచి తగ్గించే సంఖ్య) 22. మామూలు రోజుల్లో నమోదు చేసే స్కోర్లు అన్నీ 100కు అటూ ఇటూ ఉంటాయి, కప్పు ఉన్న రోజున 84 కొడతారు.

కెప్టెన్ విడిగా పిలిచి చెబితే చాలునని కొందరు పెద్దల అభిప్రాయం. సభ్యత్వం తీసేయాలని కుర్రవాళ్ళ పట్టు. కమిటీ ఏ క్రమంలో నడవాలి?

జవాబు 1 (పాత మార్కర్):

పోటీల కమిటీలో పన్నెండేళ్ళు పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. ముందు క్యాడీ విషయం, ఎందుకంటే అక్కడ మీ కమిటీ నియమాన్ని తలకిందులు చేసింది. ఆట నియమావళిలోని 10.3సి ప్రకారం రౌండు జరుగుతున్నంతసేపూ క్యాడీ చేసిన ప్రతి పనికీ బాధ్యుడు ఆటగాడే. క్యాడీ బంతిని కదిలిస్తే ఆటగాడికి ఒక స్ట్రోక్ (దెబ్బ) పెనాల్టీ, బంతిని పాత చోటికి తెచ్చి ఆడాలి. తేకుండా కొత్త చోటి నుంచే ఆడితే మెడల్ ఆటలో అది రెండు స్ట్రోకులవుతుంది. ఆ పెనాల్టీ కలపకుండా కార్డు ఇస్తే అసలు స్కోరు కంటే తక్కువ రాసినట్టే కాబట్టి, తెలిసి ఇచ్చినవారిని పోటీ నుంచి తొలగించాలి. ఇదంతా ఆటగాడి ఖాతాలో పడవలసినది. క్యాడీకి వేసిన శిక్షకు ఆట నియమాల్లో ఆధారమే లేదు.

జూలై పోటీ ముగిసిపోయింది కదా అని మీవాళ్ళు అనవచ్చు. తనకు తెలిసిన పెనాల్టీని కావాలని వదిలేసినవారినీ, ఆట స్ఫూర్తికి విరుద్ధంగా తీవ్రమైన దుష్ప్రవర్తనకు పాల్పడినవారినీ తొలగించడానికి కాలపరిమితి లేదని 20.2ఇ స్పష్టంగా చెబుతోంది. పోటీ ముగిసినా, కప్పు ఇంటికి వెళ్ళిపోయినా ఆ అధికారం కమిటీకి ఉంటుంది. కాబట్టి ఆ పోటీని తిరిగి తెరవండి, సాక్షి వాంగ్మూలం రాతలో తీసుకోండి, పెద్దాయన వివరణ అడగండి.

మీకు చెవిలో చెప్పి ఊరుకున్న ఆ ముగ్గురి గురించి కూడా ఒక మాట. తోటి ఆటగాడు నియమం తప్పినట్టు తెలిసినా, అనుమానం ఉన్నా, ఆ సంగతిని అతనికో, మార్కర్‌కో (అతని స్కోరు రాసి కార్డు మీద సంతకం చేసేవారు), కమిటీకో చెప్పాలనీ, సాధ్యమైనంతవరకు అతను కార్డు అప్పగించేలోపే చెప్పాలనీ 20.1సి నిర్దేశిస్తోంది. మిగతా పోటీదారులందరి హక్కునూ కాపాడడం అందులోని ఉద్దేశం. ఆ రోజు మూడో స్థానంలో నిలిచి ఏమీ గెలవని సభ్యుడు ఎవరో ఒకసారి కార్డులు తీసి చూడండి. వీళ్ళ మౌనం వల్ల నష్టపోయింది ఆయన. సంతకం చేసిన మార్కర్ తెలిసి చేశారా, చూడక చేశారా అన్నదీ విచారించవలసిందే.

రెండో సభ్యుడిది వాదన లేకుండా లెక్కతో తేలే విషయం. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో చివరి 20 స్కోర్లలో మెరుగైన 8 తీసుకుని సగటు కడతారు. అందుకే వరసగా చెడ్డ కార్డులు నింపేవారి సంఖ్య పెరుగుతూ పోతుంది. దానికి అదే పద్ధతిలో పగ్గాలున్నాయి: ఏడాదిలో తన కనిష్ఠ సంఖ్య కంటే 3 దాటి పెరిగితే ఆ పైన పెరుగుదల సగమవుతుంది, 5 దగ్గర పూర్తిగా ఆగుతుంది. ఒక్క రౌండులో తన సంఖ్య కంటే 7 నుంచి 9.9 వరకు మెరుగ్గా ఆడితే 1, పదీ ఆపైన అయితే 2 తగ్గుతుంది. మీ కోర్సు రేటింగు 72, స్లోపు 113 (రెండూ కోర్సు ఎంత కష్టమో చెప్పే సంఖ్యలు) అనుకుంటే 84లోంచి 72 పోగా 12 అవుతుంది, 22కు పది తేడా. ఇంతటితో సరిపోదనిపిస్తే హ్యాండిక్యాప్ కమిటీ స్కోర్ల చరిత్రను సమీక్షించి, ఆయనకు తెలియజేసి, సంఖ్యను సవరించవచ్చు. సాక్షి సంతకం లేని కార్డులను రేపటి నుంచే తీసుకోకండి.

జవాబు 2 (విజయవాడ న్యాయవాది):

పై జవాబులోని ఆట నియమాలతో నాకు పేచీ లేదు. కానీ పోటీ నుంచి తొలగించడం వేరు, సభ్యత్వం నుంచి తొలగించడం వేరు. మొదటిది ఆట నియమావళి ఇచ్చిన అధికారం, రెండోది మీ క్లబ్బు బైలాలు ఇస్తేనే ఉంటుంది, అవి చెప్పిన పద్ధతిలోనే వాడాలి. బెళగావిలోని ఒక మేసోనిక్ లాడ్జి (ఫ్రీమేసన్ల సంఘం శాఖ) సభ్యుణ్ణి బహిష్కరించిన కేసులో సుప్రీంకోర్టు అరవై ఏళ్ళ క్రితమే ఈ గీత గీసింది. ఇటువంటి సంస్థల నిర్ణయాల మీద సివిల్ కోర్టు అప్పీలు కోర్టులా కూర్చోదు, కానీ సంస్థ తనకు లేని అధికారం చలాయించినా, సదుద్దేశం లేకుండా నడుచుకున్నా, సహజ న్యాయ సూత్రాలను మీరినా ఆ నిర్ణయాన్ని కొట్టివేస్తుంది. మీ క్లబ్బు సొసైటీగా నమోదై ఉంటే, 2001 నాటి సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద ఆ సభ్యుడు నేరుగా జిల్లా కోర్టుకు వెళ్ళవచ్చు. మంచి కేసును తొందరపాటుతో పాడుచేసుకున్న కమిటీలను నేను చూశాను.

షోకాజ్ నోటీసులో "మోసం" అన్న మాట వాడకండి. ఏ తేదీన, ఏ హోల్‌లో, ఎవరు, ఏం చూశారన్నది మాత్రమే రాయండి. సమాధానానికి తగినంత గడువు ఇవ్వండి. ఫిర్యాదు చేసిన సభ్యుడు విచారణ బృందంలో కూర్చోకూడదు, పెద్దాయనతో వ్యాపార సంబంధం ఉన్నవారు కూడా తప్పుకోవాలి.

ఫిర్యాదుదారులు కాగితం మీద పెట్టడానికి భయపడేది పరువునష్టం దావాకే అయితే వాళ్ళకు ధైర్యం చెప్పండి. విచారించే అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో చేసిన ఆరోపణను భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ మినహాయింపుల్లోనే ఉంచింది. ఆ రక్షణ కమిటీకి రాసిన ఉత్తరానికి వర్తిస్తుంది. సభ్యులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో అదే మాట రాసి ఆ రక్షణ దొరుకుతుందని ఆశించవద్దు.

జవాబు 3 (క్యాడీ కొడుకు):

మా నాన్నగారు పాతికేళ్ళు క్యాడీగా పనిచేశారు. ఆ సంపాదనతోనే నేను చదువుకున్నాను, ఇప్పుడు వేరే ఊళ్ళో ఒక క్లబ్బులో సభ్యుణ్ణి. క్యాడీ తనంతట తాను బంతిని నెట్టడు. కొందరు ఆటగాళ్ళు నోటితో చెప్పరు, బంతి చెడ్డ చోట దొరికిన రోజున టిప్పు ఇవ్వరు, మర్నాడు వేరే క్యాడీని అడుగుతారు. నాలుగు రౌండ్లు గడిచేసరికి ఏం చేయాలో క్యాడీకి అర్థమైపోతుంది. నాన్నగారు అలా నెట్టనందుకు ఒక వానాకాలమంతా బ్యాగు దొరక్క షెడ్డులో కూర్చున్నారు. ఆయన ఆ సంగతి మాకు చెప్పింది పని మానేశాకే. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ కూడా క్యాడీగా మొదలైనవారే. బంతి ఎక్కడ పడిందో, ఎక్కడ దొరికిందో క్యాడీలకు తెలిసినంతగా సభ్యులకు తెలియదు. అయినా విచారణలో వాళ్ళను ఎవరూ పిలవరు.

కాబట్టి మీ కమిటీని నేను కోరేది రెండే. సాక్ష్యం చెప్పిన క్యాడీకి పని తగ్గించబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. పోటీ రోజుల్లో ఎవరి బ్యాగు ఎవరు మోయాలన్నది ఆటగాడి ఇష్టానికి వదలకుండా చీటీలు వేసి తేల్చండి.

జవాబు 4 (ఎడిన్‌బరో తెలుగువాడు):

కెప్టెన్ విడిగా పిలిచి మాట్లాడడాన్ని పూర్తిగా కొట్టిపారేయవద్దని నా అభ్యర్థన. బంతి వెతకడానికి ఇచ్చిన గడువు 2019లో ఐదు నిమిషాల నుంచి మూడు నిమిషాలకు తగ్గిందని తెలియనివారు ఇక్కడి మా క్లబ్బులోనే ఇంకా కనిపిస్తారు. ఉద్దేశం తేలని చోట, మొదటిసారి అయినప్పుడు, ఆ సంభాషణే తగిన మందు. అయితే దాన్ని తేదీతో సహా రాసి ఉంచాలి, లేకపోతే ప్రతి తప్పూ మొదటి తప్పుగానే మిగిలిపోతుంది. ఉద్దేశం తేలిన చోట మాత్రం మెతకదనం పనికిరాదు. 1985లో బ్రిటిష్ ఓపెన్ అర్హత పోటీలో గ్రీన్ల మీద బంతిని పాత చోట కాకుండా వేరే చోట పెట్టినందుకు డేవిడ్ రాబర్ట్‌సన్ అనే స్కాట్లండ్ ఆటగాడిని 20 ఏళ్ళు నిషేధించి 20,000 పౌండ్ల జరిమానా వేశారు. క్లబ్బు స్థాయిలో అంత అక్కరలేదు. ఆ పోటీ నుంచి తొలగింపు, కొన్ని నెలలపాటు పోటీలకు దూరం, ఆ తర్వాత సభ్యత్వం, ఇలా మెట్లుగా ఉన్న ప్రవర్తనా నియమావళిని ముందే ప్రకటించుకోండి. పోటీలోని పెనాల్టీలకూ, తొలగింపుకూ 1.2బి అవకాశమిస్తోంది, మిగిలిన మెట్లకు మీ బైలాలే ఆధారం కావాలి. ఇప్పుడు రాసుకున్న మెట్లను జూలైలో జరిగినదానికి వర్తింపజేయకండి, దానికి పాత నియమాలే చాలు.

లేత పచ్చిక (ప్రశ్న అడిగినవారు):

అందరికీ కృతజ్ఞతలు. నిన్నటి సమావేశంలో ఈ జవాబుల సారాన్ని నా మాటల్లో చదివి వినిపించాను. జూలై పోటీని తిరిగి పరిశీలించడానికి ముగ్గురితో బృందం వేశారు. పెద్దాయనతో కలిసి వ్యాపారం చేసే సభ్యుడు తానే తప్పుకున్నారు. ఆ రోజు చూసిన సభ్యుడు రాసి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. హ్యాండిక్యాప్ సమీక్ష వచ్చే నెలలో జరుగుతుంది. క్యాడీల చీటీల ప్రతిపాదన ఇంకా చర్చలోనే ఉంది, పెద్దలకు అది రుచించలేదు.

క్యాడీకి పోయిన రెండు వారాల సంపాదనను క్లబ్బు నిధి నుంచి ఇవ్వాలని నేను ప్రతిపాదిస్తే, విచారణ ముగిశాక చూద్దామన్నారు. అతని తప్పేమిటో ఆట నియమావళిలో చూపించమని అడిగాను. ఎవరూ చూపించలేకపోయారు. ఈ ఉదయం కార్యదర్శి చెక్కు మీద సంతకం చేశారు.