1,800 పెట్టి డాంగిల్ కొన్నా, సౌండ్ చాలట్లేదు: ఉంచుకోవాలా, రిటర్న్ పెట్టాలా?

ప్రశ్న:

అందరికీ నమస్తే. కొత్త ఫోన్‌కి హెడ్‌ఫోన్ పెట్టే 3.5 జాక్ లేదు, అందుకని ఆన్‌లైన్‌లో 1,800 పెట్టి, చార్జింగ్ పోర్టుకి పెట్టి హెడ్‌ఫోన్ తగిలించుకునే చిన్న డాంగిల్ తీసుకున్నా, లోపల డాక్ (డిజిటల్ పాటని సిగ్నల్‌గా మార్చేది), ఆంప్ (ఆ సిగ్నల్‌ని పెంచేది) రెండూ ఉన్నాయట, బాక్స్ మీద 32 ఓమ్స్ (హెడ్‌ఫోన్ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే లెక్క) దగ్గర 60 మిల్లీవాట్ల పవర్ అని రాసుంది. హెడ్‌ఫోన్ బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, 80 ఓమ్స్‌ది, మా బావ వీడియో ఎడిటింగ్‌కి వాడి నాకిచ్చేశాడు. సమస్య ఏంటంటే ఫోన్లో వాల్యూమ్ ఫుల్ పెట్టినా పాట పక్కింట్లో మోగుతున్నట్టు ఉంది. సినిమా పాటలు పర్లేదు గానీ కచేరీ రికార్డింగులు మరీ కష్టం, బాలమురళీకృష్ణ గారి ఆలాపన మొదలయ్యేటప్పుడు చెవులు రిక్కించి వినాల్సి వస్తోంది. 80 ఓమ్స్‌కి ఈ డాంగిల్ సరిపోదా, 5 వేలు పెట్టి పెద్దది కొనాల్సిందేనా? రోజూ ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రోలో వింటా కాబట్టి జేబులో పట్టేది కావాలి. రిటర్న్‌కి ఇంకా 3 రోజులే ఉంది, కొంచెం తొందరగా చెప్పండి.

జవాబు:

తమ్ముడూ ముందు 5 వేల ఆలోచన పక్కన పెట్టు. నీ దగ్గరున్న అంకెలతోనే లెక్క చూద్దాం, రెండు నిమిషాల పని.

32 ఓమ్స్ దగ్గర 60 మిల్లీవాట్లు అంటే 0.06 ని 32 తో గుణిస్తే 1.92, దాని వర్గమూలం దాదాపు 1.38. అంటే ఆ డాంగిల్ 1.38 వోల్టులు ఇవ్వగలదు. అదే వోల్టేజ్ నీ 80 ఓమ్స్ మీద పడితే 1.92 ని 80 తో భాగించు, 24 మిల్లీవాట్లు. మిల్లీవాట్లు తగ్గాయని కంగారు పడకు, ఓమ్స్ పెరిగితే పవర్ తగ్గడం మామూలే. ఇప్పుడు డీటీ 770 సెన్సిటివిటీ, అంటే ఎంత పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో, అది 1 మిల్లీవాట్‌కి 96 డీబీ (డెసిబెల్స్) అని కంపెనీ వాళ్ళే ఇచ్చారు, 24 మిల్లీవాట్లకి ఇంకో 14 డీబీ కలుస్తుంది, మొత్తం 110. కచేరీ రికార్డింగ్‌లో మెత్తగా పాడే చోట పీక్ (అన్నిటికన్నా గట్టిగా ఉన్న చోటు) కంటే 25, 30 డీబీ తక్కువ ఉన్నా నీకు 80 దగ్గర వినపడాలి. 80 డీబీ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలకి మించొద్దని చెప్పిన లెవెల్, చెవులు రిక్కించాల్సినంత చిన్న సౌండ్ కాదది. కాబట్టి బాక్స్ మీద రాసింది నిజమే అయితే డాంగిల్‌లో దమ్ముంది, అది నీ చెవి దాకా రావట్లేదు, మధ్యలో ఎక్కడో ఆగుతోంది.

నా అనుమానం ఫోన్ మీద. చాలా డాంగిల్స్‌లో సొంత వాల్యూమ్ ఒకటి లోపల ఉంటుంది, ఫోన్ దాన్ని సగంలో పెట్టేసి, మనం బటన్ నొక్కినప్పుడు తన వాల్యూమ్ మాత్రమే పెంచుతూ పోతుంది, అందుకే స్క్రీన్ మీద ఫుల్ చూపించినా లోపల కుళాయి సగమే తిప్పి ఉంటుంది. ఆపిల్ సీ టైప్ డాంగిల్‌ని ఆండ్రాయిడ్ ఫోన్లకి పెట్టినవాళ్ళు ఎక్కువగా మొత్తుకునేది దీని గురించే. (దాంట్లో ఇంకో తిరకాసు, అమెరికాలో అమ్మేది 1 వోల్టు దాకా ఇస్తుంది, యూరప్‌కి అమ్మేది అందులో సగమే, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. వోల్టేజ్ సగమైతే 6 డీబీ పోయినట్టు.)

తేల్చుకోవడం సులువు. అదే డాంగిల్, అదే హెడ్‌ఫోన్ తీసుకెళ్ళి లాప్‌టాప్‌కి పెట్టు, వాల్యూమ్ 20 నుంచి మెల్లగా పెంచుకుంటూ రా, ఒక్కసారి ఫుల్ పెట్టకు, చెవులు పోతాయి. అక్కడ గట్టిగా మోగితే డాంగిల్ తప్పు లేదు. అక్కడా ఇంతే ఉంటే బాక్స్ మీద అంకె అబద్ధం, ఇంకేం ఆలోచించకుండా రిటర్న్ పెట్టెయ్.

అడిగిన వ్యక్తి:

అన్నా చాలా థాంక్స్, లాప్‌టాప్‌కి పెట్టి చూశా. 60 దగ్గరే చాలా గట్టిగా ఉంది, 70 దాటించలేకపోయా. అంటే ఫోన్‌దేనన్నమాట. మరి ఫోన్లో ఎలా సరిచేయాలి? ఇంకోటి, ఒక్కోసారి కాసేపు పాట ఆపి మళ్ళీ పెడితే డాంగిల్‌ని గుర్తుపట్టట్లేదు, స్పీకర్లో మోగుతోంది, మెట్రోలో అందరూ తిరిగి చూశారు.

జవాబు:

గుడ్, సగం సమస్య తీరినట్టే. ఫోన్లో వరసగా ఇవి చూడు. ముందు సెట్టింగ్స్‌లో మీడియా వాల్యూమ్ లిమిట్ ఆన్‌లో ఉందేమో, సామ్‌సంగ్‌లో అయితే సౌండ్స్ లోపల వాల్యూమ్ మెనూలో ఉంటుంది. తర్వాత డాంగిల్ పెట్టి ఉన్నప్పుడే వాల్యూమ్ తగ్గించి మళ్ళీ ఫుల్ పెట్టు, కొన్ని ఫోన్లు డాంగిల్‌కి వేరే వాల్యూమ్ గుర్తుపెట్టుకుంటాయి. ఇవేవీ పనిచేయకపోతే యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్ వాడాలి, డబ్బులు పెట్టి కొనేది, కానీ అది ఆండ్రాయిడ్‌ని పక్కకి నెట్టి డాంగిల్‌తో నేరుగా మాట్లాడుతుంది, లోపలి వాల్యూమ్ కూడా దాని చేతిలోకి వస్తుంది. చిక్కేంటంటే ఫోన్లో దాచుకున్న ఫైల్స్‌కి బాగా పనికొస్తుంది గానీ నువ్వు వాడే స్ట్రీమింగ్ యాప్‌లన్నిటికీ పనిచేయదు, అందుకని కొనేముందు నువ్వు ఎక్కువ వినేది ఎక్కడో చూసుకో.

పాట ఆపితే గుర్తుపట్టకపోవడం ఓటీజీ (ఫోన్‌కి బయటి పరికరాలు పెట్టుకునే సౌకర్యం) వల్ల. ఒప్పో, వివో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో చాలావాటికి ఓటీజీ అని విడిగా స్విచ్ ఉంటుంది, 10 నిమిషాలు వాడకపోతే తనంతట తానే ఆగిపోతుంది. మళ్ళీ ఆన్ చేసుకోవడమే. కిందకి లాగితే వచ్చే ప్యానెల్‌లో దాన్ని మొదటి వరసలో పెట్టేసుకో. నీ ఫోన్ వీటిల్లోది కాకపోతే కేబుల్ లూజ్ కూడా కావచ్చు, అది రిటర్న్ గడువు లోపలే తేల్చుకోవాలి, దాని గురించి రాత్రికి వివరంగా రాస్తా, ఇప్పుడు డ్యూటీలో ఉన్నా.

ఇంకొకరు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది తెనాలిలో సౌండ్ సర్వీసింగ్ షాపు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తా. బాక్స్ మీద రాసింది నిజమా కాదా అని చెవితో ఎందుకండీ, మల్టీమీటర్‌తో కొలిచేయొచ్చు. పాత ఆక్స్ వైరు (రెండు చివరలా 3.5 పిన్ను ఉండేది) ఒకటి కత్తిరించి లోపలి తీగలు బయటికి తీయండి, డాంగిల్‌కి పెట్టండి, ఫోన్లో 60 హెర్ట్జ్ టోన్ ఫైల్ ఫుల్ వాల్యూమ్‌లో ప్లే చేసి, గ్రౌండ్‌కీ లెఫ్ట్‌కీ మధ్య ఏసీ వోల్టులు చూడండి. 60 హెర్ట్జే ఎందుకంటే మామూలు మీటర్లు కరెంటు లైను కొలవడానికి చేసినవి, 50, 60 దగ్గర సరిగ్గా చూపిస్తాయి, 1000 హెర్ట్జ్ పెడితే చవక మీటర్ తప్పు చూపించొచ్చు. బజార్లో దొరికే పసుపు రంగు చిన్న మీటర్‌లో ఏసీ రేంజ్ 200 నుంచే మొదలవుతుంది, అది ఈ పనికి పనికిరాదు, 2 వోల్టులో 20 వోల్టులో ఏసీ రేంజ్ ఉన్నది కావాలి. హెడ్‌ఫోన్ మాత్రం తీసేసి కొలవండి, కొలిచేటప్పుడు ఆ తీగలు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. లాప్‌టాప్‌లో ఎంత, ఫోన్లో ఎంత అని రెండు అంకెలు రాసుకుంటే ఫోన్ ఎంత మింగేస్తోందో కళ్ళ ముందే ఉంటుంది. లెఫ్ట్, రైట్ రెండూ కొలవండి, తేడా కొద్దిగా ఉంటే పర్లేదు, ఒకటి 1.3 ఇంకోటి 1.1 అయితే పీస్ బాగాలేదు.

అడిగిన వ్యక్తి:

సార్ మా హాస్టల్ పక్కన ఎలక్ట్రికల్ షాపాయన్ని అడిగి మీటర్ తెచ్చా. లాప్‌టాప్‌లో ఫుల్ పెడితే లెఫ్ట్ 1.41, రైట్ 1.40. ఫోన్లో ఫుల్ పెడితే 0.36! అంటే నాలుగో వంతు. ఇన్నాళ్ళూ హెడ్‌ఫోన్‌నే అనుమానించా.

జవాబు:

రాత్రికి రాస్తానన్నా కదా, ఇదిగో. ఆ 0.36 చూశాక ఇక అనుమానమే లేదు, దాదాపు 12 డీబీ ఫోన్ దగ్గరే పోతోంది. తెనాలి అన్నగారు మంచి పద్ధతి చెప్పారు, లోడ్ లేకుండా, అంటే హెడ్‌ఫోన్ తగిలించకుండా, 1.4 వచ్చిందంటే బాక్స్ మీద అంకెకి దగ్గరగానే ఉంది, అంత తక్కువ ధరలో నిజం రాసిన కంపెనీ కాబట్టి దాన్ని మెచ్చుకోవాలి.

కానీ తమ్ముడూ, వోల్టులు సరిపోయాయి కదా అని ఉంచేసుకోకు. ఈ ధరలో డాంగిల్స్ మధ్య సౌండ్ క్వాలిటీ తేడా మనిషి చెవికి తెలిసేంత ఉండటం చాలా అరుదు, బేస్ ఇలా ఉంది స్టేజ్ (శబ్దం ఎంత విశాలంగా పరుచుకుందో) అలా ఉంది అని జనం రాసేదాంట్లో సగం వాల్యూమ్ తేడానే, 1 డీబీ ఎక్కువున్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. నిజంగా డాంగిల్‌ని చెడగొట్టేవి నాయిస్, కనెక్టర్, అవి రెండూ నువ్వే చూడాలి.

నాయిస్‌కి రాత్రి ఇల్లు సద్దుమణిగాక, చెవిలో దూరే ఇయర్‌ఫోన్ ఒకటి పెట్టుకుని, పాట ప్లే చేసి వాల్యూమ్ సున్నా చెయ్. నీ డీటీ 770 లో వినపడని సుయ్ శబ్దం ఇయర్‌ఫోన్లో వినపడొచ్చు, వాటికి సెన్సిటివిటీ ఎక్కువ కాబట్టి, పాట మొదలయ్యాక తెలియకపోతే పర్లేదు. తర్వాత మొబైల్ డేటా ఆన్ చేసి సిగ్నల్ తక్కువ ఉన్న మూలకి వెళ్ళు. టిక్ టిక్ అనో బుర్ర్ అనో వచ్చి, ఫ్లైట్ మోడ్ పెట్టగానే ఆగిపోతే షీల్డింగ్ (బయటి సిగ్నల్స్‌ని ఆపే కవచం) సరిగ్గా లేనట్టు, మెట్రోలో టవర్లు మారినప్పుడల్లా అది నీ ప్రాణం తీస్తుంది. లాప్‌టాప్ చార్జర్ పెట్టినప్పుడు వచ్చే గుంయ్ మాత్రం డాంగిల్ తప్పు కాకపోవచ్చు, చార్జర్ తీసి చూడు.

బ్యాలెన్స్‌కి పాత పాట వాడు. ఘంటసాల గారి కాలం సినిమా పాటలు చాలామటుకు మోనోలో (రెండు చెవులకీ ఒకే శబ్దం) రికార్డయినవే, కాబట్టి గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. పక్కకి జరిగితే హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకుని మళ్ళీ విను, గొంతు కూడా అవతలి పక్కకి మారితే హెడ్‌ఫోన్‌ది గానీ డాంగిల్‌ది గానీ తేడా, మారకుండా అటే ఉంటే అది నీ చెవి తేడా. (రీమాస్టర్ అని స్టీరియోగా మార్చినవి వద్దు, వాటిల్లో వాయిద్యాలు అటూ ఇటూ పరిచేస్తారు.)

ఇక కనెక్టర్, నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. నేను ఇప్పటికి మూడు డాంగిల్స్ పోగొట్టుకున్నా, మూడూ తోక (ఫోన్‌కి పెట్టే చిన్న కేబుల్) దగ్గరే పోయాయి, ఒక్కదానిలోనూ చిప్ చెడిపోలేదు. పాట ప్లే అవుతుండగా ఫోన్ వైపు ప్లగ్‌ని వేలితో నాలుగు దిక్కులా మెల్లగా ఒత్తు, తర్వాత జాక్‌ని వేళ్ళతో గుండ్రంగా తిప్పు, ఒక పక్క ఆగి మళ్ళీ వస్తే ఇంకేం చూడక్కర్లేదు. ఫోన్ జేబులో తలకిందులుగా పెట్టి గంట నడువు. తోక విడిగా ఊడొచ్చే సీ టు సీ కేబుల్ అయితే అది పోయినా చిన్న ఖర్చుతో వేరేది పెట్టుకోవచ్చు, అతికించి ఉన్నదయితే మొత్తం పారేయాల్సిందే. నీది ఏ రకం?

బ్యాటరీ గురించి అడగలేదు గానీ చెప్తా, నా యూఎస్‌బీ మీటర్‌లో ఇలాంటి డాంగిల్ 5 వోల్టుల దగ్గర 60 మిల్లీయాంపులు చూపించింది, అంటే 0.3 వాట్లు, రోజుకి 5 గంటలు విన్నా 5000 ఎంఏహెచ్ ఫోన్లో దాదాపు 8 శాతమే. అది భయపడేంత కాదు.

అడిగిన వ్యక్తి:

అన్నా నాది అతికించి ఉన్న తోక. ఈ రోజు మెట్రోలో పెట్టుకున్నా, మొత్తం దారిలో టిక్ టిక్ ఏమీ రాలేదు, నాయిస్ బాగానే ఉంది. యాప్ కూడా కొన్నా, ఫోన్లో ఉన్న కచేరీ ఫైల్స్‌కి ఇప్పుడు వాల్యూమ్ సగం దగ్గరే సరిపోతోంది, ఆలాపన మొదలుకాకముందే వెనక తంబూర తీగ ఒక్కొక్కటీ విడివిడిగా వినపడింది, నిన్నటిదాకా అది ఉందనే తెలియదు నాకు. కానీ అమీర్‌పేట దగ్గర జనం ఎక్కేటప్పుడు ఫోన్ జేబులో కొంచెం తిరిగింది, రైట్ సైడ్ పోయింది. హాస్టల్‌కొచ్చి మీరు చెప్పినట్టు వేలితో ఒత్తి చూశా, పైకి ఒత్తితే రైట్ ఆగిపోతోంది, వదిలేస్తే వస్తోంది, పదిసార్లు చేస్తే పదిసార్లూ అంతే.

జవాబు:

అయితే రిటర్న్ పెట్టెయ్. అదంతటదే బాగవదు, రోజురోజుకీ ఎక్కువే అవుతుంది. వేలితో ఒత్తినప్పుడు సౌండ్ ఆగేది ఇయర్‌కప్ దగ్గర మైక్ పెట్టి వీడియో తీసుకో, పికప్‌కి వచ్చినతను పనిచేస్తోంది కదా అంటే చూపించడానికి. ఈసారి 1.3, 1.4 వోల్టుల దగ్గరదే చాలు, తోక ఊడొచ్చే మోడల్ చూడు.

అడిగిన వ్యక్తి:

వీడియో తీశా, రిటర్న్ పెట్టేశా, రేపు సాయంత్రం పికప్. విడి కేబుల్ ఉన్నది ఒకటి 1,950 లో చూశా, 3.5 జాక్‌కి 32 ఓమ్స్ దగ్గర 65 మిల్లీవాట్లు రాశాడు. మీటర్ ఇంకా నా దగ్గరే ఉంది, రాగానే కొలిచి రెండు అంకెలూ ఇక్కడే పెడతా.