హైదరాబాద్ గోడల మీది బొమ్మలను ఎక్కడ చూడాలి, ఎలా చూడాలి?

ప్రశ్న: కవాడిగూడ పాదచారి

నమస్కారం. నేను సికింద్రాబాద్ వైపు ఉంటాను. ఆఫీసుకు వెళ్ళే దారిలో ఫ్లైఓవర్ స్తంభాల మీద, ప్రభుత్వ కార్యాలయాల ప్రహరీల మీద వేసిన బొమ్మలను చూస్తూ ఉంటాను. కొన్నిటి ముందు బండి ఆపి కాసేపు నిలబడాలనిపిస్తుంది; మరికొన్ని ఎన్నిసార్లు ఎదురైనా మనసుకు పట్టవు. ఈ తేడా ఎందుకు వస్తున్నదో తెలుసుకోవాలని ఉంది. ఇకపై సెలవు రోజుల్లో నగరంలో తిరుగుతూ ఇలాంటి గోడలను పనిగట్టుకుని చూడాలనుకుంటున్నాను.

హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలో, బొమ్మ ముందు నిలబడినప్పుడు ఏం గమనించాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? అనుమతి లేకుండా స్ప్రే డబ్బాతో పేర్లు రాసిపోయే గ్రాఫిటీని కూడా కళగా చూడాలా, లేక గోడ పాడుచేయడంగానే చూడాలా అన్నది నా రెండో సందేహం. మా ఇంట్లో ఈ విషయం మీద రోజూ వాదన జరుగుతూ ఉంటుంది. మూడోది, ఈ బొమ్మలు చాలావరకు బస్తీల్లో, జనం కాపురముండే ఇళ్ల గోడల మీద ఉంటాయి కదా, కెమెరా పట్టుకుని అక్కడికి వెళ్ళడం ఎంతవరకు సమంజసం?

సమాధానం: ఖైరతాబాద్ నుంచి

హైదరాబాద్‌లో మొదలుపెట్టవలసిన చోటు ఎం.ఎస్. మక్తా. రాజ్‌భవన్ రోడ్డుకూ రైలు పట్టాలకూ నడుమ ఇరుకు సందులతో ఉన్న బస్తీ అది; నెక్లెస్ రోడ్ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళవచ్చు. వీధి కళ కోసం 2014లో ఢిల్లీలో పని ప్రారంభించిన స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ 2016లో ఇక్కడికి చిత్రకారులను తీసుకువచ్చి ఇళ్ల గోడల మీద బొమ్మలు వేయించింది. మన నగరానికే చెందిన స్వాతి, విజయ్ దంపతులు కూడా అక్కడ పనిచేశారు. బయట వేసిన రంగు ఎండకూ వానకూ తట్టుకుని ఎల్లకాలం ఉండదు కనుక, ఇంటర్నెట్‌లో దొరికే పాత ఫోటోలను చేతపట్టుకుని వాటికోసం వెతకవద్దు. ఇప్పుడు గోడ మీద ఏముందో దాన్నే చూడండి.

కొన్ని బొమ్మలు ఎందుకు పట్టేస్తాయని అడిగారు. నా దృష్టిలో మొదటి కారణం, చిత్రకారుడు ముందుగా ఆ గోడను చూశాడా లేదా అన్నదే. గోడ కాన్వాసులా చదునుగా ఉండదు. దానికి కిటికీ ఉంటుంది, నీటి గొట్టం ఉంటుంది, కరెంటు మీటరు పెట్టె ఉంటుంది, పైన మేడ మీద ఆరేసిన చీరలు గాలికి వచ్చి సగం గోడను కప్పుతూ ఉంటాయి. వీటన్నిటికీ బొమ్మలో చోటిచ్చినవాడు ఆ వీధిని అర్థం చేసుకున్నాడు. కాగితం మీద గీసుకున్న నమూనాను తెచ్చి కిటికీ చుట్టూ కత్తిరించినట్టు వేస్తే, రంగులు ఎంత బాగున్నా అది అక్కడిది అనిపించదు. 2016లో స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీ మొదలైన తర్వాత హైదరాబాద్ నుంచి విశాఖపట్నం దాకా మున్సిపాలిటీలు ప్రహరీలకు రంగులు వేయించడం బాగా పెరిగింది. వాటిలో మంచివి లేవనను. అయితే చాలాచోట్ల అవే పూలు, అవే నినాదాలు, అదే నెమలి కనిపిస్తాయి. మీ మనసుకు పట్టనివి బహుశా ఆ కోవకు చెందినవై ఉంటాయి.

దూరం నుంచి చూసిన తర్వాత చేతికి అందేంత దగ్గరికి వెళ్ళండి. స్ప్రేతో వేసిన గీత అంచు పొగమంచులా సన్నని చుక్కలుగా చెదిరి ఉంటుంది. కుంచె గీతలో వెంట్రుకల చాళ్ళు తెలుస్తాయి. స్టెన్సిల్ (ఆకారం కోసిన అట్టను గోడకు ఆనించి రంగు కొట్టే పద్ధతి) అయితే అంచు కత్తితో కోసినట్టు ఉండి, అక్షరాల మధ్యలో, కళ్ల చుట్టూ చిన్న చిన్న ఖాళీలు మిగులుతాయి, ఎందుకంటే అట్టముక్క విడిపోకుండా అక్కడ వంతెనలు ఉంచాలి. లేత రంగుల కింద ఒక్కోసారి సుద్దతో గీసుకున్న గళ్ళు కూడా కనిపిస్తాయి. చిన్న కాగితం మీది బొమ్మను నిలువెత్తు గోడకు పెంచడానికి వేసుకున్న లెక్క అది. పాత సున్నాన్ని గీకకుండా పైన రంగు పూసిన చోట పొరలు పొరలుగా లేచిపోయి ఉంటుంది. ఇవన్నీ గమనిస్తే ఆ పని ఎన్ని చేతుల మీదుగా, ఎంత ఓపికతో, లేదా ఎంత తొందరలో జరిగిందో తెలిసిపోతుంది.

సమాధానం: చెన్నై తెలుగు పాఠకురాలు

మీ మూడో ప్రశ్నకు నేను జవాబు చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే చెన్నైలో ఈ చర్చ చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడి కణ్ణగి నగర్ పునరావాస కాలనీ. నగరం నడిబొడ్డున, నదుల ఒడ్డున గుడిసెలు వేసుకుని బతుకుతున్న కుటుంబాలను ఖాళీ చేయించి, ఊరి చివర బహుళ అంతస్తుల ఇళ్లలోకి తరలించారు. 2004 సునామీ తర్వాత మరికొందరు వచ్చి చేరారు. చిరునామా చెప్పగానే ఉద్యోగం ఇవ్వడానికి వెనుకాడిన సందర్భాల గురించి అక్కడివాళ్లు ఎంతోకాలంగా చెబుతూనే ఉన్నారు. 2020 ప్రాంతంలో అదే స్టార్ట్ సంస్థ, నగర కార్పొరేషన్‌తో కలిసి, అక్కడి భవనాల పక్క గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలు వేయించింది. చెన్నై చిత్రకారుడు ఎ-కిల్ వేసిన నిలువెత్తు ముఖాలను చూడటానికే చాలామంది అటు వెళ్తారు.

ఆ చిత్రాలంటే నాకు చాలా ఇష్టం. అయినా, గోడకు రంగు వేసినంత మాత్రాన పని దొరకదని, బస్సులు పెరగవని, నీళ్లు రావని అనేవాళ్ల మాటలో న్యాయం ఉంది. ఆ మాట వినకుండా కేవలం రంగుల కోసం వెళ్ళేవాళ్లు ఆ గోడను సగమే చూసినట్టు. మొదటి అంతస్తు నుంచి చివరి అంతస్తు దాకా ఒకే ముఖం పరుచుకుని ఉన్నప్పుడు, ఆ చెంప మీదుగా ఒక కిటికీ తెరుచుకుని ఎవరో తల బయటపెట్టి కిందనున్న పిల్లవాణ్ణి పిలవడం మీరు చూస్తారు. అక్కడ మనిషి కాపురం ఉంటున్నాడన్న సంగతిని చిత్రమే మీకు గుర్తుచేస్తుంది.

కాబట్టి వెళ్ళడంలో తప్పులేదు, తప్పొప్పులు వెళ్ళే తీరులోనే ఉన్నాయి. అరుగు మీద కూర్చున్నవారిని ముందు పలకరించండి. "అమ్మా, ఈ బొమ్మ ఫోటో తీసుకోవచ్చా?" అని అడిగితే మన ఊళ్ళో కాదనేవాళ్లు అరుదు, పైగా ఆ బొమ్మ వేసేటప్పుడు ఏం జరిగిందో మీరు అడగకుండానే చెబుతారు. పిల్లలను బొమ్మ ముందు నిలబెట్టి ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. తెరిచి ఉన్న గుమ్మాలు, ఇంటి నంబర్లు కూడా ఫోటోలో పడకుండా చూసుకోండి.

చెన్నై వచ్చినప్పుడు ఇందిరా నగర్ రైల్వే స్టేషన్ కూడా చూడండి. హెచ్‌ఐవితో జీవిస్తున్నవారి పట్ల వివక్ష పోవాలని ఎ-కిల్, ఖత్రా కలిసి ఆ స్టేషన్ బయటి గోడ పొడవునా మామూలు మనుషుల ముఖాలు వేశారు. అది రైల్వే గోడ కనుక, రోడ్డు మీద నిలబడి ఎంతసేపైనా చూడవచ్చు.

సమాధానం: వరంగల్ గోడ రాతల పెయింటర్

ఇక్కడ మాట్లాడుతున్నవారందరూ బొమ్మల గురించే చెప్పారు కాబట్టి, అక్షరాల గురించి నేను చెబుతాను. పై సంస్థలు రాకముందు నుంచే మన గోడలు మాట్లాడుతూ ఉన్నాయి. విద్యార్థి సంఘాల నినాదాలు, పార్టీల ఎన్నికల గుర్తులు, సిమెంటు, ఎరువుల కంపెనీల ప్రకటనలు, నాటకాలు, సభలు, ఇవన్నీ మా కుంచెల మీదుగానే జనానికి చేరాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో ఊరి మొదటి గోడ చదివితే ఆ వారం ఎక్కడ ఏ సభ జరుగుతున్నదో తెలిసేది.

పని పద్ధతి తెలిస్తే ఆ రాతలను మీరు వేరే కంటితో చూస్తారు. ముందు గోడను దులిపి సున్నం కొట్టాలి; దానికి ఈత మట్ట చివర చితకగొట్టి చేసిన కుంచె కూడా వాడేవాళ్లం. అది ఆరిన తర్వాత, నీలం పొడిలో అద్దిన దారాన్ని ఇద్దరు రెండు చివర్లా పట్టుకుని బిగించి లాగి వదిలితే గోడ మీద తిన్నని గీత పడుతుంది. పైన ఒకటి, కింద ఒకటి. అక్షరం ఒళ్లు ఆ రెంటి మధ్య నిలవాలి. తలకట్టు, గుడి, దీర్ఘం పై గీత దాటతాయి, వత్తులు కింది గీత దాటతాయి. తెలుగులో కష్టమంతా అక్కడే ఉంది. పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడిని తగలకుండా, బస్సులో పోయేవాడు ఒక్క చూపులో చదివేటట్టు రాయాలంటే, ఏ అక్షరం ఎక్కడ పడుతుందో కుంచె పెట్టకముందే తెలిసి ఉండాలి. ఎర్రమన్నుతోనో, ఎర్ర ఆక్సైడుతోనో వంపు తిప్పేటప్పుడు మధ్యలో ఆగితే ఆగిన చోట ముద్ద కడుతుంది. ఆ ముద్ద ఉందా లేదా అన్నదాన్ని బట్టి రాసిన చెయ్యి ఎంత సాధన చేసిందో చెప్పవచ్చు.

ఫ్లెక్సీలు వచ్చిన తర్వాత ఈ పని చాలావరకు పోయింది. మిగిలినదాన్ని చూడాలంటే హైదరాబాద్ పాతబస్తీకి వెళ్ళండి. దుకాణాల షట్టర్ల మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ పక్కపక్కనే చేత్తో రాసినవి ఇంకా దొరుకుతాయి. ఉర్దూ కాతిబులకూ (అందంగా చేత్తో రాసే లేఖకులకు) పెళ్లి కార్డుల అచ్చు పనికీ పేరుపడ్డ ఛత్తా బజార్‌లో అక్షరాన్ని ప్రేమించేవారికి ఒక పూట చాలదు. వీధి కళ అంటూ తిరిగేవాళ్లు ఈ షట్టర్లను దాటుకుని వెళ్ళిపోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

సమాధానం: మెల్‌బోర్న్ గుంటూరు వాసి

గ్రాఫిటీ కళేనా అన్న ప్రశ్న మిగిలిపోయింది కాబట్టి చెబుతున్నాను. న్యూయార్క్‌లో 183వ వీధిలో ఉండే ఒక కుర్రాడు ఉత్తరాలు, ప్యాకెట్లు అందించే పనిమీద తిరుగుతూ ఊరంతా "టాకి 183" అని రాసుకుంటూ పోయాడు. 1971లో న్యూయార్క్ టైమ్స్ అతని గురించి రాసిన తర్వాత అనుకరించేవారు పెరిగారు. తమ మాట వినే దిక్కులేని పిల్లలు తమ పేరునే ఊరికి చూపించుకోవడంతో అది మొదలైందన్నమాట. ఆ తర్వాత వచ్చినవారు అక్షరాలను మెలితిప్పి, బాణాలు తగిలించి, ఒకదానిలో ఒకటి పెనవేసి, కొత్తవాడు చదవలేనంత దూరం తీసుకువెళ్లారు. పై పెయింటర్ గారు చెప్పిన ఆగని వంపు అక్కడా గీటురాయే. ట్యాగ్ (సంతకంలా రాసే పేరు) రాసేవాడు ఒకే ఊపులో రాయాలి. డబ్బాను గోడకు దగ్గరగా పెట్టి నెమ్మదిగా కదిపితే రంగు కారుతుంది, దూరంగా పెడితే గీత పలచబడుతుంది.

మెల్‌బోర్న్‌లో ఫెడరేషన్ స్క్వేర్ ఎదుట హోజియర్ లేన్ అనే నల్లరాతి సందు ఉంది. నిన్నటి బొమ్మ మీద ఇవాళ ఇంకొకరు వేస్తారు. పెచ్చు ఊడిన చోట అంచును చూస్తే రంగుల పొరలు మందంగా పేరుకుని కనిపిస్తాయి. అదే సందులో తానెవరో చెప్పని ప్రసిద్ధ బ్రిటిష్ వీధి చిత్రకారుడు బ్యాంక్సీ వేసిన పారాచూట్ ఎలుకను 2010లో నగరపాలక సిబ్బంది శుభ్రం చేసే పనిలో తుడిచేశారు. అదే నగరంలో అమెరికన్ చిత్రకారుడు కీత్ హేరింగ్ 1984లో కాలింగ్‌వుడ్ పాఠశాల గోడకు వేసిన బొమ్మను మాత్రం 2013లో శ్రద్ధగా బాగుచేసి కాపాడుకున్నారు. ఏది చెరగాలి, ఏది నిలవాలి అన్నది ఎవరు నిర్ణయించాలన్న వివాదం ఇక్కడ ఇంకా తెగలేదు.

అయితే ఖైరతాబాద్ మిత్రునితో ఒక్క విషయంలో నాకు భేదాభిప్రాయం ఉంది. గోడను గౌరవించిన బొమ్మే మంచిదంటే, అనుమతి తీసుకుని, సంస్థల డబ్బుతో, తీరిగ్గా వేసిన వాటికే మార్కులు పడతాయి. రాత్రివేళ భయం భయంగా పది నిమిషాల్లో వేసి వెళ్ళిన స్టెన్సిల్‌కు ఆ తీరిక ఉండదు, కానీ అడగవలసిన ప్రశ్నను అది అడుగుతుంది. కొచ్చిలో తానెవరో చెప్పకుండా గోడలకు బొమ్మలు వేస్తున్న "గెస్ హూ"ను చూడండి. అలాగని చట్టాన్ని మరచిపొమ్మనడం లేదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహిరంగ ప్రదేశాలను వికృతపరచడాన్ని నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. ఒక పేదవాడి ఇంటి గోడ మీద, ఒక గుడి మీద, ఒక శిలాఫలకం మీద అడగకుండా రాసేవాణ్ణి నేను సమర్థించను. మీ ఇంట్లో వాదన వచ్చినప్పుడు రెండు ప్రశ్నలను విడదీయండి: రాయడం తప్పా కాదా అన్నది ఒకటి, రాసినది బాగుందా లేదా అన్నది మరొకటి.

ప్రశ్నించినవారు: కవాడిగూడ పాదచారి

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. మెల్‌బోర్న్ మిత్రుడు చెప్పిన విభజన మా ఇంట్లో బాగా పనికివస్తుంది. వచ్చే ఆదివారం మక్తాకు వెళ్తున్నాను. ఏ వేళ వెళ్తే మంచిది? చూసినవాటిని ఎలా నమోదు చేసుకోవాలి?

సమాధానం: ఖైరతాబాద్ నుంచి

మెల్‌బోర్న్ గారి అభ్యంతరం నాకు సమ్మతమే. రాత్రి వేసిన స్టెన్సిల్‌ను కొలవడానికి వేరే కొలత కావాలి.

ఉదయం తొమ్మిది లోపు వెళ్ళండి. సందులు ఇరుకు కాబట్టి ఎండ నడినెత్తికి వస్తే చూరు నీడ బొమ్మకు అడ్డంగా పడుతుంది. వేళను బట్టి గోడ ఎంత మారుతుందో తెలియాలంటే, ఢిల్లీ లోధి కాలనీలో డాకు అనే చిత్రకారుడి గోడను చూడాలి. అక్కడ గోడకు రంగు బొమ్మే లేదు, గోడ నుంచి బయటికి పొడుచుకు వచ్చిన అక్షరాలు ఉన్నాయి. ఎండ పడితే వాటి నీడలే గోడ మీద మాటలుగా ఏర్పడతాయి, పొద్దు కదిలేకొద్దీ సాగి చెదిరిపోతాయి.

నమోదు విషయానికి వస్తే, ప్రతి బొమ్మకూ మూడు ఫోటోలు చాలు: వీధితో కలిపి ఒకటి, గోడ మొత్తం ఒకటి, రంగు కనిపించేంత దగ్గరగా ఒకటి. కింది మూలలో సంతకం ఉంటే దాన్ని విడిగా రాసుకోండి, తేదీ వేయండి. మరుసటి ఏడాది అదే చోట నిలబడి మళ్ళీ తీయండి. ఛత్తా బజార్‌ను అదే రోజు పెట్టుకోవద్దు. షట్టర్ మీది రాత దుకాణం మూసి ఉంటేనే కనిపిస్తుంది, కాతిబు దుకాణం తెరిస్తేనే కనిపిస్తాడు. అందుకని పని దినాన, దుకాణాలు తెరవడానికి అరగంట ముందు అక్కడికి చేరుకోండి.