అప్‌డేట్: థైరాయిడ్ తగ్గితే ఎర్రకణాలు పెద్దవవుతాయా?

ఐరన్ మాత్రలు రెండు నెలలు వేసుకున్నా హిమోగ్లోబిన్ 9.8 దగ్గరే ఎందుకు ఆగిపోయిందనీ, ఎం.సి.వి. (ఎర్రకణాల సగటు పరిమాణం) 108 రావడానికి నా హైపోథైరాయిడిజమే (థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉండడమే) కారణమా అనీ ఐదు నెలల క్రితం అడిగాను. సంబంధం ఉంది, కానీ నేను ఊహించిన దారిలో కాదు.

థైరాయిడ్ హార్మోన్ తగ్గినప్పుడు శరీరానికి ఆక్సిజన్ అవసరం తగ్గి, ఎర్రకణాల తయారీని ప్రేరేపించే ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్‌ను మూత్రపిండాలు తక్కువగా విడుదల చేయడంతో ఎముక మజ్జలో ఎర్రకణాల తయారీ మందగిస్తుందనీ, అప్పుడు కణాలు మామూలు పరిమాణంలోనో కాస్త పెద్దవిగానో ఉంటాయనీ డాక్టరు గారు వివరించారు. అయితే థైరాయిడ్ ఒక్కదానికే 108 అనే అంకె మరీ ఎక్కువని ఆయనకు అనుమానం కలిగింది. రక్తాన్ని మైక్రోస్కోపు కింద చూసే స్మియర్ పరీక్షలో కోడిగుడ్డు ఆకారపు పెద్ద ఎర్రకణాలూ, కేంద్రకం ఆరు తమ్మెలుగా చీలిన న్యూట్రోఫిల్సూ (ఒక రకం తెల్లకణాలు) కనిపించాయి; ఇవి బి12 లోపంలో కనిపించే గుర్తులు. పరీక్ష చేయిస్తే విటమిన్ బి12 బాగా తక్కువగా ఉంది. హషిమోటో (రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌పై దాడి చేసే జబ్బు) ఉన్నవారిలో కొందరికి రోగనిరోధక వ్యవస్థ జీర్ణాశయ కణాలపైనా దాడి చేసి బి12 ఒంటబట్టకుండా చేస్తుందట. నాకు ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ (బి12 ఒంటబట్టడానికి కావలసిన జీర్ణాశయ ప్రోటీన్) మీద దాడి చేసే యాంటీబాడీలు పాజిటివ్‌గా వచ్చాయి.

ఇంకొక పొరపాటు పూర్తిగా నాదే: ఐరన్ మాత్రను థైరాయిడ్ మందు థైరాక్సిన్‌తో కలిపి మింగేదాన్ని, అలా చేస్తే థైరాక్సిన్ శోషణ తగ్గుతుంది. ఫెరిటిన్ (ఒంట్లోని ఐరన్ నిల్వను చూపే పరీక్ష) సరిపడా ఉండడంతో ఐరన్ ఎలాగూ మాన్పించారు. బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టిన నాలుగో నెలకు హిమోగ్లోబిన్ 12.1కి, ఎం.సి.వి. 93కి చేరాయి. బి12 మాత్రం జీవితాంతం తీసుకోవాలన్నారు.